నాలుగో వైపు

దేశ రాజధానిలో, పెద్దల సభలో, టీవీ కెమెరాల ముందు ఒక పెద్దావిడ చేత ఆవిడ తప్పునే ఆవిడ నోటితో నిలదీయించిన మహానుభావుణ్ణి మీరు చూడాలనుకుంటే, పలాస రండి. స్టేషన్లో దిగి భాస్కర్ ఎక్కడుంటాడని అడగకండి, బస్ షెల్టర్ భాస్కర్ అని అడగండి. ఆటోవాడు నవ్వుకుంటూ తీసుకొచ్చి మా ఇంటి ముందు దింపుతాడు.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పట్లో నేను రాజ్యసభ సభ్యురాలైన ఒకావిడ దగ్గర పని చేసేవాణ్ణి. టెక్కలిలో పాఠాలు చెప్పి రిటైరై, ప్రతిపక్షం తరఫున సభకు వెళ్ళినావిడ. అందరూ మేడమ్ అనేవారు. సర్కారు సొమ్ము ఎక్కడ ఖర్చయింది, ఎందుకు ఖర్చయింది, ఎవరికి పనికొచ్చింది, ఈ మూడే ఆవిడ ప్రశ్నలు. అరిచేది కాదు, బల్ల గుద్దేది కాదు. కళ్ళజోడు సర్దుకుని, "నేను నిందించడం లేదు అధ్యక్షా, తెలుసుకోవాలనుకుంటున్నాను" అనేది. ఆ మాట వినగానే అటుపక్క మంత్రులు మంచినీళ్ళు తాగేవారట. ఆవిడ అడగబోయే ప్రశ్నలకు సరుకు సేకరించి, రాసి పెట్టడం నా ఉద్యోగం.

నాకు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "భాస్కర్, దేని గురించైనా రాసే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి రా. నాలుగు వైపులా చూడు." నేను బుద్ధిగా తలూపేవాణ్ణి. తల ఊపడంలో నాకెప్పుడూ లోటు లేదు.

ఆ వేసవిలో సోంపేట అవతల, సముద్రం దగ్గర ఉద్దానంలో ఉన్న మా లోకనాథం మావ ఊరికి చాలా ఏళ్ళ తర్వాత వెళ్ళాను. అత్త పనసకాయ కూర చేస్తానని కబురు పెట్టింది, అదీ కారణం. ఊరి మొదట్లో సున్నం కొట్టిన బస్ షెల్టర్ కనిపించింది. సిమెంటు బల్లలు, పైన శ్లాబు, అన్నీ ఉన్నాయి. బస్సు మాత్రం లేదు. ఆ ఊరికి బస్సన్నదే రాదు! లోపల బల్లల మీద జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి. పక్క గోడకి ఆనించి, కొబ్బరికాయలు వలిచాక మిగిలిన డొక్కలు శ్లాబు దాకా పేర్చి ఉన్నాయి. నాకు లోపల ప్రశ్నల పురుగు తొలచడం మొదలెట్టింది.

"మావా, ఇదెవరు కట్టించారు?"

మావ నావైపు వింతగా చూసి పకపకా నవ్వాడు. "ఏటల్లుడా, నీకు తెల్దేటి?"

"తెలిస్తే అడుగుతానా?"

"బలేటోడివే! నానిక్కడ పిక్కలు ఆరబెట్టుకుంతన్నాను, నీకెందుకా గొడవ? రా, అత్త పిలుత్తన్నాది."

చూశారా పల్లెటూరి గడుసుతనం, ఎంత నేర్పుగా మాట దాటేశాడో అనుకున్నాను. లోపల ఏదో కుంభకోణం ఉందని తేల్చేసుకున్నాను. ఫోన్ తీసి ముందునుంచి, వెనకనుంచి, ఎడమవైపునుంచి ఫోటోలు తీశాను. కుడివైపు డొక్కల గుట్ట. దాని ముందు ఒక కుక్క పడుకుని ఉంది. అదీ నన్ను చూసింది, నేనూ దాన్ని చూశాను. ఈలోగా అత్త కేకేసింది. "కూర సల్లారిపోతన్నాది, వత్తావా రావా?" వెళ్ళిపోయాను. నా పతనమంతా ఆ కూర దగ్గరే మొదలైంది కానీ, కూర మాత్రం అద్భుతం, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఫోటోలు చూసి మేడమ్ కళ్ళు మెరిశాయి. "బస్సు రాని ఊరికి బస్ షెల్టరా! ఎవరడిగి ఉంటారు? ఎవరిచ్చి ఉంటారు? చుట్టూ తిరిగి చూశావా?"

"చూశానండి."

"నాలుగు వైపులా?"

"నాలుగు వైపులానండి."

ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోండి. నేనేం అనుకోను.

సభలో ఖర్చుల మీద చర్చ వచ్చిన రోజు పలాసలో మా ఆఫీసు టీవీ ముందు పదిమందిని పోగేశాను. మేడమ్ లేచింది. నేను రాసిన మాటలు ఒక్కొక్కటే ఢిల్లీ నుంచి వచ్చి నా చెవిలో పడుతుంటే కుర్చీలో నేను ఒక అంగుళం ఎత్తు పెరిగాను. "బస్సు రాని ఊళ్ళో బస్సు కోసం నిలువ నీడ కట్టారు అధ్యక్షా. దీనికి నిధులిచ్చిన వారి పేరు సభ ముందు పెట్టాలి. నేను నిందించడం లేదు, తెలుసుకోవాలనుకుంటున్నాను." బల్లలు మోగాయి. మంత్రి లేచి, వివరాలు తెప్పించి మర్నాడు జవాబిస్తానన్నాడు. ఆఫీసులో నేను అందరికీ టీ చెప్పాను, నా లెక్కలో!

మర్నాడు పొద్దున మావ ఫోన్.

"అల్లుడా, మన సెడ్డు టీవీలో సూపించీసినారు! ఊరంతా ఒకటే గోల!"

"చూశావా మావా, నీ మేనల్లుడి దెబ్బ!"

"దెబ్బే మరి. నిన్న సాయంత్రం ఆఫీసరోళ్ళు జీపేసుకొచ్చి నా డొక్కలన్నీ తీయించీసినారు. రాయికి ఫోటోలు తీసుకుని ఎల్లిపోనారు."

"ఏ రాయి?"

"గోడకున్న పాలరాయి. ఎవలు కట్టించేరో రాసుంటాది కాదేటి, ఆ రాయి."

"ఎవరు కట్టించారని ఉంది మావా?"

"ఇదేటి అడగడం? మీ మేడమ్మే గదా! ఆవిడ సభకెల్లిన కొత్తల్లో ఆవిడ ఎంపీ నిదులతోనే కట్టేరు. అవునుగానీ అల్లుడా, నువ్వే గదరా అప్పట్లో..."

మావ ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను పెట్టేశాను. మంత్రి దగ్గర ఈపాటికి ఆ ఫోటో ఉండి ఉంటుంది. సభ మొదలవడానికి ఇంకో గంట. ఆ మంత్రి లేచి ఆవిడ పేరు చదివితే, ఇన్నాళ్ళుగా ఆవిడ మాటకున్న విలువంతా ఒక్క క్షణంలో గంగలో కలుస్తుంది. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. వెంటనే ఢిల్లీకి ఫోన్ చేశాను.

"మేడమ్, ఆ షెల్టర్ మనదేనండి."

"మనదంటే?"

"మీ నిధులతోనే కట్టారండి. మీరు సభకు వెళ్ళిన కొత్తలో. శిలాఫలకం ఉందండి, డొక్కల వెనక."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నాలుగు వైపులా చూశానన్నావు?"

"మూడేనండి. నాలుగో వైపు కుక్క ఉందండి."

"కుక్క" అంది ఆవిడ నెమ్మదిగా, ఏదో కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. "సరే, పెట్టేయ్."

ఆవేళ టీవీ ముందు నేనొక్కణ్ణే కూర్చున్నాను, తలుపు గడియ పెట్టుకుని. మంత్రి చేతిలో కాగితం, ముఖంలో పెళ్ళికళ. ఆయన లేచేలోపే మేడమ్ లేచింది. "అధ్యక్షా, నిన్న నేనొక పేరు అడిగాను. మంత్రి గారికి శ్రమ ఎందుకు, నేనే చెబుతాను. ఆ పేరు నాదే. వచ్చిన అర్జీ చూసి సంతకం పెట్టాను, ఆ ఊరు వెళ్ళి చూడలేదు. తప్పు నాది. నిన్నటి ప్రశ్న మాత్రం తప్పు కాదు. ఇకమీదట నా నిధులతో జరిగే ప్రతి పనినీ స్వయంగా వెళ్ళి చూస్తాను. మంత్రి గారు కూడా తమ పనులు ఒకసారి చూసొస్తే బాగుంటుంది. ఆ ఊరికొక బస్సు కూడా వేయిస్తే, నా తప్పు కొంతైనా పనికొస్తుంది."

అటుపక్కనుంచి కూడా బల్లలు మోగాయి. మంత్రి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను తలుపు గడియ తీసి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషమో, సిగ్గో, రెండూనో ఇప్పటికీ చెప్పలేను.

సమావేశాలయ్యాక ఆవిడ పలాస వచ్చింది. రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ బల్ల మీద ఒక పాత ఫైలు ఉంది.

"ఈ షెల్టర్ కావాలని అసలు ఎవరడిగారో తెలుసుకుందామని ఫైలు తెప్పించాను. ఎంత చక్కగా రాశాడయ్యా! 'మండుటెండలో, జోరువానలో బస్సు కొరకు ఎదురుచూచుచున్న గర్భిణీ స్త్రీల, వృద్ధుల కన్నీటి గాథను ఆలకించి...' చదివి నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. అందుకే సంతకం పెట్టాను." ఫైలు నావైపు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుంది. "నేను నిందించడం లేదు భాస్కర్. తెలుసుకోవాలనుకుంటున్నాను. ఈ చేతిరాత ఎవరిది?"

నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకి అర్జీలు రాసిపెట్టే ఆస్థాన కవిని నేను. ఎవరికి పంపాలో ఆ పేరు మాత్రం పైన వాళ్ళే తర్వాత రాసుకునేవారు. ఒకనాడు మావ వచ్చి, "పిక్కలు వానకి తడిసిపోతన్నాయి అల్లుడా, ఒక సెడ్డు కావాల" అన్నాడు. "సెడ్డంటే ఎవరిస్తారు మావా? బస్ షెల్టర్ అంటే ఇస్తారు" అన్నవాణ్ణి నేనే. ఆ గర్భిణీ స్త్రీల కన్నీరంతా నా కలం కార్చిందే.

రాజీనామా కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ అందులో అక్షరదోషం ఒకటి దిద్ది, తిరిగి నాకే ఇచ్చేసింది. "బస్సు మొదలైంది. నెలనెలా అందులో వెళ్ళి, దిగి, షెల్టర్ చుట్టూ నాలుగు వైపులా తిరిగి రా. కుక్కని అడిగానని చెప్పు."

వెళ్ళాను. బస్సు నిజంగానే వస్తోంది, జనం నిజంగానే బల్లల మీద కూర్చుంటున్నారు. మావ ఒక్కడే ముఖం మాడ్చుకుని ఎదురొచ్చాడు.

"నీ బస్సు మండిపోనూ! జనం కూకుంతన్నారు, నా పిక్కలకి జాగా లేదు. ఒరే అల్లుడా, గ్రంథాలయమంటే ఇత్తారేటి?"

అందుకని, పలాస ప్రజలారా, ఉద్దానం రైతులారా, పెద్దల సభలోని పెద్దలారా! చేయి చాచి, మా మావ కొబ్బరి డొక్కల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఎవరికీ అర్జీ రాయను. రాసినా, గర్భిణీ స్త్రీలను అందులోకి లాగను.