సిస్టరమ్మ నమ్మని చిట్టీ

అబిడ్స్, నాంపల్లి ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మా గల్లీలో పొద్దున పదకొండింటి చాయ్ ఇకమీదట ఒక కప్పు తక్కువ పోయబడును. చక్కెర వెయ్యని కప్పు. అందరూ గమనించగలరు. ఆ కప్పు తాగే మనిషి, మా ఎదురింటి సిస్టరమ్మ, మొన్న గురువారం పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు.

ఇలా మొదలుపెట్టినందుకు తిట్టుకోకండి. ఏడవాల్సిన చోట నాకు వెటకారం వస్తుంది. ఏడో తరగతిలో బడి మానేసి, అబిడ్స్‌లో రబ్బరు స్టాంపులు చేసే దుకాణంలో కూర్చున్నవాణ్ణి. అక్షరాలు తిరగేసి చెక్కడం అక్కడే నేర్చుకున్నాను. మనుషుల్ని ఏడిపించడం అంతకుముందే వచ్చు.

సిస్టరమ్మ ముప్పై ఏళ్లకు పైగా సర్కారు ప్రసూతి దవాఖానలో నర్సుగా చేసింది. రిటైరయ్యాక నాంపల్లిలో మా ఎదురుగా రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. చాయ్ తాగడానికి కూడా మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. గల్లీలో ఎవరు ఏం చెప్పినా ఒకటే మాట: "నోటిమాట గాలిరా. చిట్టీ చూపెట్టు." చిట్టీ అంటే దవాఖాన రాసిచ్చిన కాగితం. జ్వరం తగ్గింది అంటే చిట్టీ. షుగరు లేదంటే చిట్టీ. ఒక ఎండాకాలం నేను "సిస్టరమ్మ పరీక్షించినది" అని ముద్ర చేసుకుని గల్లీలో ప్రతి బ్రెడ్ ప్యాకెట్ మీదా, చివరికి ఆమె కొన్న పుచ్చకాయ మీదా కొట్టాను. ఆమె మర్నాడు పిలిచింది.

"ఏ ముద్రలోడా, నిన్న రేకు గీసుకపోయిందన్నవ్ గదా. ఇటు రా."

అందరూ చూస్తుండగా ధనుర్వాతం సూది పొడిచింది. "గిప్పుడు నిన్ను గూడ పరీక్షించిన, పో," అంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇక్కడినుంచి నవ్వు తక్కువ.

మా అమ్మాయికి మొదటి కాన్పు అల్లుడు పనిచేసే జిల్లా ఊళ్లో అయింది. నెలలు నిండలేదు, బిడ్డ కడుపులో అడ్డం పడుకుని ఉంది. హడావుడిగా కోసి తీశారు. పసిదాన్ని అద్దాల పెట్టెలో పెట్టారు. మా అమ్మాయికి కుట్లు చీము పట్టి వారం రోజులు కదల్లేకపోయింది. కూతుర్ని ఎత్తుకునేసరికి తొమ్మిదో రోజు. నాలుగేళ్ల తర్వాత రెండోసారి కడుపు నిలిచినప్పుడు మా దగ్గరికి వచ్చి ఒకటే అంది.

"నాయినా, ఈసారి నార్మలే కావాలె. పుట్టంగనే కండ్ల నిండ చూసుకుంట."

కోరిక తప్పేం కాదు. మా గల్లీ చివర టీచరమ్మకు మొదటిది ఆపరేషన్ అయినా రెండోది మామూలుగానే అయింది, సిస్టరమ్మే పక్కన ఉండి చూసుకుంది. "ఒకసారి కోస్తే మల్ల కోసుడే అనేది ఉత్త మాట," అనేది సిస్టరమ్మ. రోజూ పొద్దున మా అమ్మాయిని పబ్లిక్ గార్డెన్స్‌లో నడిపించేది. ఏం తినాలో చెప్పేది. ఆపరేషన్ గది, రక్తం రెండూ సిద్ధంగా ఉండే దవాఖానలోనే కాన్పు కావాలని అల్లుడితో ఒట్టు వేయించుకుంది. నొప్పుల గురించి కూడా నేర్పింది. "వచ్చిపోయే నొప్పి సుట్టం బిడ్డా. వచ్చి కూసున్న నొప్పి దొంగ. దొంగ వచ్చిందంటే వెంటనే మొత్తుకో, ఓర్సుకోకు."

కానీ ఒక్క దగ్గర ఆగిపోయింది. పాత ఆపరేషన్ చిట్టీ. ఇల్లు మారినప్పుడు అది పోయింది.

"కుట్టు కనపడ్తనే ఉంది గదా, అడ్డమే ఉంది," అని మా ఆవిడ అంది. మా వదిన చూసింది, అల్లుడి తల్లి చూసింది. అందరూ పొట్ట మీద గీత చూసి అడ్డమే అని తేల్చేశారు.

"పైన తోలు మీద అడ్డం ఉంటే లోపట గూడ అడ్డమే అని ఎవలు జెప్పిన్రు?" అంది సిస్టరమ్మ. "గర్భసంచి మీద నిలువు కోసిన్రనుకో, నొప్పులల్ల గా కుట్టు పగులుతది. పగిలితే తల్లికి టైముండదు. లోపటి పిల్లకు అసలే ఉండదు."

దవాఖాన డాక్టరమ్మ కూడా అదే అంది. చిట్టీ లేకుండా ఒప్పుకోనంది. మా అమ్మాయి ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

నా తెలివి ఇక్కడ పనిచేసింది. నా దృష్టిలో చిట్టీ అంటే ముద్ర. జీవితమంతా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు ముద్రలు చేసి ఇచ్చినవాణ్ణి, ముద్ర పడితే పని అవుతుందని మాత్రమే నాకు తెలుసు. టీచరమ్మ దగ్గర ఆమె పాత చిట్టీ అడిగి తెచ్చాను. లోపల కూడా అడ్డమే కోసినట్టు అందులో ఉందని టీచరమ్మే చెప్పింది. అందులోని ఇంగ్లీషు లైన్లు నాకు చదవడం రాదు, బొమ్మ చూసి గీసినట్టు అక్షరం అక్షరం దించాను. పేరు, ఊరు మార్చాను. అల్లుడు పనిచేసిన ఊరి నర్సింగ్‌హోమ్ పేరుతో గుండ్రటి ముద్ర చేసి కొట్టాను. "పాత ట్రంకులో దొరికింది బిడ్డా," అని చేతికిచ్చాను.

మా అమ్మాయి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. డాక్టరమ్మ చూసి సరేనంది. ఇంట్లో అందరం నవ్వుతూ తిరిగాం. తొమ్మిదో నెల నడుస్తోంది. ఏ రోజైనా నొప్పులు రావచ్చు.

నాలుగో రోజు మధ్యాహ్నం సిస్టరమ్మ ఆటో దిగి నా దుకాణానికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. చిట్టీ కౌంటరు మీద పెట్టింది.

"ఏ దవాఖానల ముద్ర గింత సక్కగ పడ్డదిరా? నర్సు ఒక చేత్తోని పిల్లను పట్టుకోని, ఇంకో చేత్తోని కొడ్తది. సగం పడ్తది, సగం పడది. గిది తీరుబడిగ కూసోని, ఊపిరి బిగవట్టి కొట్టిన ముద్ర."

"సిస్టరమ్మా, జర ఇను..."

"సొంత బిడ్డ మీదనారా నీ తమాషా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నువ్వు కొట్టిన ముద్రతోని లోపటి కుట్టు గట్టిపడ్తదా? జెప్పు."

నేను నవ్వబోయాను. ఆమె నా మొహం వైపే చూస్తోంది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే అఫ్జల్‌గంజ్ దాటి బస్టాండుకు పోయి, ఇద్దరం ఆ ఊరి బస్సెక్కాం. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. నర్సింగ్‌హోమ్‌లో కౌంటరు పిల్ల పాత కాగితాలు లేవంది. సిస్టరమ్మ కదల్లేదు. "కాగితాలు లేకుంటే పాయె. ఆపరేషన్ థియేటరు రిజిస్టరు ఉంటది. దాన్ని ఎవ్వలు పారెయ్యరు. తే బిడ్డా," అంది. గంట తర్వాత దుమ్ము పట్టిన పుస్తకం వచ్చింది. సిస్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పింది. ఒక లైను మీద వేలు పెట్టి ఆగింది. వేలు తియ్యలేదు.

"ఏం రాసి ఉంది సిస్టరమ్మా?"

"నిలువు."

తిరిగి అఫ్జల్‌గంజ్ చేరేదాకా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయి పక్కన కూర్చుని చెప్పింది. మా అమ్మాయి వినదు. "మరి నాయినకు దొరికిన చిట్టీ?" అని అడిగింది. నేను గోడ వైపు చూశాను.

"గా చిట్టీ వేరేటోళ్లది బిడ్డా. తప్పు వచ్చింది," అంది సిస్టరమ్మ.

నోటిమాట గాలి అన్న మనిషి నా కోసం ఒక గాలిమాట ఆడింది. బయటికి వచ్చాక మాత్రం అంది, "నిజం జెప్పుడు నీ పని. నేను జెప్ప."

మా అమ్మాయి రెండు రోజులు ఏడ్చింది. సిస్టరమ్మ ఓదార్చలేదు, పనిలో పడింది. డాక్టరమ్మతో మాట్లాడి, నొప్పులు మొదలవకముందే ఆపరేషన్ రోజు ఖాయం చేయించింది. ఇంకో షరతు కూడా పెట్టింది. "పుట్టంగనే తల్లి మొకం కాడికి తేవాలె. కుట్లు తర్వాత వేసుకోన్రి."

ఆ రోజు సిస్టరమ్మ థియేటరు తలుపు బయట నిలబడే ఉంది, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. లోపల మనవడి ఏడుపు వినిపించింది. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. పాత కుట్టు దగ్గర పతంగి కాగితమంత పల్చగా ఉందని, లోపల పిల్లాడి జుట్టు కనిపించిందని, ఇంకో రెండు రోజులు ఆగి నొప్పులు వచ్చి ఉంటే... అని ఆపేసింది. సిస్టరమ్మ తలూపి, కుళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.

మా అమ్మాయి బిడ్డను చూసుకుంది. కండ్ల నిండ. చెంపకు చెంప ఆనించారట. ఆ మాట సిస్టరమ్మకు చెప్తే, "చిట్టీ ఉందా?" అంది. ఆమె వేసిన జోకు నాకు తెలిసి అదొక్కటే.

ఇక ఇందులో నేను కల్పించినవి చెప్పేస్తాను. ఆమెకు అబద్ధం పడదు. సూది కథ అబద్ధం, ఆమె చెవి మెలిపెట్టింది అంతే. బస్సులో ఆమె మౌనంగా లేదు, అలసిపోయి నిద్రపోయింది. మాట్లాడలేకపోయినవాణ్ణి నేనే. పతంగి కాగితం, పిల్లాడి జుట్టు, డాక్టరమ్మ అన్న మాటలు కావు. డాక్టరమ్మ "టైముకు తెచ్చిన్రు" అని మాత్రమే చెప్పి వెళ్లిపోయింది. మిగతాదంతా రాత్రులు నిద్రపట్టక నేను ఊహించుకున్నది. "చిట్టీ ఉందా" అన్న జోకు కూడా నాదే. ఆమె మనవడి గోళ్ల రంగు చూసింది, అంతే.

దొంగ చిట్టీ సంగతి మాత్రం నిజం. మా అమ్మాయికి ఇప్పటిదాకా తెలియదు. మీరు చదివేలోపు చెప్పేసి ఉంటాను అని రాద్దామనుకున్నాను. అదీ కల్పనే అవుతుంది.

ఇంకొక్కటి సిస్టరమ్మకు కూడా చెప్పలేదు. ఆ చిట్టీ రాస్తున్నంతసేపూ నేను ఈల వేసుకుంటూనే ఉన్నాను.