మిడత చెవులు, నా ఉద్యోగం

ఉద్యోగం కొత్త, మీసం కొత్త, చేతిలో బెత్తం అంతకంటే కొత్త అయిన ఆ రోజుల్లో, పిల్లలు నోరెత్తకుండా కూర్చోవడమే చదువని నా గట్టి నమ్మకం. (బెత్తం కర్నూలులో కొన్నాను. పల్లెలో చెట్లుండవనుకున్నానేమో.) నా మొదటి బడి కోయిలకుంట్ల దాపున ఒక పల్లెలో, బండ్లబాట పక్కనే ఒంటిగది. నా నమ్మకాన్ని రెండో తరగతి పిల్లవాడొకడు వారం తిరక్కుండా మట్టుపెట్టాడు. వాడికి నేను పెట్టిన పేరు మిడత. బాటలో ఎద్దుల గంటలు మోగితే చాలు, ఎక్కాలు నోట్లో ఉండగానే వాకిట్లోకి ఎగిరేవాడు. వాడి వెనక బడంతా. గోడకుర్చీ వేయిస్తే అలాగే వంగి చెవి బాటకు ఒగ్గేవాడు.

చివరికి వాళ్ళ అవ్వకు ఫిర్యాదు చేయడానికి బెత్తం చంకలో పెట్టుకుని మరీ వెళ్ళాను. ఆమె జొన్నలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "వాళ్లమ్మ పోయినాక వానికి నాయనే అన్నీ అప్పా. నా కొడుకేమో నాపరాళ్ల బాడుగకని బండి కట్టుకొని పోతే యాడుండాడో, ఎప్పుడొస్తాడో తెలీదు. ఒగొగరి ఎద్దుల గంటలు ఒగో తీరుగా మోగుతాయి గదా, నాయనవేమోనని ఉరుకుతాడు. నువ్వయితే కూసుంటావా?" అంది. నాకు శానా సిగ్గేసింది.

మర్నాడు మిడతను గడప పక్కన కూర్చోబెట్టి ఒప్పందం చేసుకున్నాను. గంటలు వినిపిస్తే నేను పాఠం ఆపుతాను. వాడు విని చెబుతాడు. వాళ్ళ నాయన బండి కాకపోతే ఎవరూ లేవకూడదు. వాడు కళ్ళు మూసుకుని విని "కాదు" అనేవాడు. బడంతా "కాదంట" అని నిట్టూర్చి పలకల మీదికి వంగేది. అల్లరి ఆగింది గానీ, కొన్నాళ్ళకు ఆ నిట్టూర్పుల్లో నా గొంతే పెద్దదైంది.

అలాంటి ఒక పొద్దున ఇన్స్పెక్టరుగారు దిగారు, అదీ ఎద్దులబండిలో. నా ఉద్యోగం ఖాయం కావడం, నేను ఇంటిదారి పట్టడం ఆయన చేతిలోనే ఉంది. లేచి దండం పెట్టాలని పిల్లలకు ముందే నూరిపోశాను. ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి మిడత "కాదు" అన్నాడు. "కాదంట" అంటూ బడంతా ఆయన వంక నిరాశగా చూసి తల దించుకుంది. ఒక్కడూ లేవలేదు.

"ఏమయ్యా, ఏం కాదు?" అని ఆయన ఉరిమారు. అంతలో బాటలో మళ్ళీ గంటలు మోగాయి. ఈసారి మిడత "కాదు" అనలేదు. తనిఖీ అయ్యేదాకా కదలొద్దని నేనే చెప్పి ఉన్నాను కదా, గడపను రెండు చేతులా పట్టుకుని నా వైపు చూశాడు. ఉద్యోగం పోతే పోయిందనిపించింది. "పోరా" అన్నాను. వాడితోపాటు బడంతా పోయింది.

గదిలో ఇన్స్పెక్టరుగారూ నేనూ మిగిలాం. "వాని నాయన వచ్చినాడు సార్. దసరాకు ముందర పోయినాడు" అన్నాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఆ భుజమ్మీద ఉన్నోడేనా?" అన్నారు.

కొంతసేపటికి మిడత ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చాడు. ఈసారి గడప దగ్గర కాదు, గది నడిమధ్యన కూర్చున్నాడు. "మా నాయన పండుకున్నాడు అయ్యోరా. ఇంగ పాఠం చెప్పు" అన్నాడు. తర్వాత ఎన్నో బళ్ళలో ఎందరికో చెప్పాను గానీ, అంత నిశ్చింతగా నన్ను పాఠం అడిగినవాడు మళ్ళీ దొరకలేదు. ఆ రోజు ఏం చెప్పానో ఇప్పుడు ఎంత తల గోక్కున్నా గుర్తు రావడం లేదు. పక్కన ఇన్స్పెక్టరున్న సంగతే మరిచిపోయి చెప్పానని మాత్రం గుర్తుంది.