బీరువా వెనక కౌన్సెలింగ్

మేం చదువుకున్న రోజుల్లో పిల్లలకు మార్కులుండేవి గాని మనసుండేది కాదు. నేను పదో తరగతికొచ్చిన ఏడాది, మనసు కూడా ఉంటుందని ఏలూరులోని మా స్కూలు వాళ్లకు ఎవరో చెప్పినట్టున్నారు. వెంటనే స్టాఫ్ రూములో ఓ మూల బీరువా అడ్డంపెట్టి, దాని వెనక రెండు కుర్చీలు వేసి, 'కౌన్సెలింగ్ సెంటర్' అని బోర్డు తగిలించారు. కౌన్సెలరు మా సోషల్ మాస్టారే. ఆయన్ని శాంతం సారు అనేవాళ్లం. ('శాంతం, శాంతం' అంటూనే బెత్తం ఝళిపించేవారు. ఆ మాట బెత్తానికి మాత్రం ఎప్పుడూ వినబడలేదు.)

నేను భీమడోలు నుంచి రోజూ రైల్లో వెళ్లేవాణ్ణి. మా నాన్నగారు పురోహితులు. కొల్లేరు పక్క ఊళ్లలో కొత్త చేపల చెరువులకు పూజలు చేయించడానికి వెళ్తూ, సెలవు రోజుల్లో సంచీ మోయడానికి నన్నూ తీసుకెళ్లేవారు. ఆయన మంత్రాలు చదువుతుంటే నేను చేపల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. అలా చూసీ చూసీ, ఫిషరీస్ డిప్లొమా చదవాలన్న పిచ్చి పట్టుకుంది. మా ఇంట్లో ఉల్లిపాయ పేరు కూడా మెల్లగా పలుకుతారు. పైగా నాన్నగారు నాకు ఎం.పి.సి. ఎప్పుడో ఖాయం చేసేశారు. ఎవరికీ చెప్పుకోలేక తిండి తగ్గింది, దాని వెంట మార్కులూ తగ్గాయి. మార్కులు తగ్గాయి కనక నన్ను బీరువా వెనక్కి పంపారు.

"భయపడకు. నువ్వు చెప్పేది ఈ బీరువా దాటదు," అన్నారు సారు. నమ్మి అంతా చెప్పేశాను.

"చేపలా?" అన్నారు, తను మెల్లగానే అన్నాననుకుంటూ.

బీరువా అవతల లెక్కల టీచరుగారు టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. "ఎవరండీ, పంతులుగారబ్బాయేనా?"

"అవునండీ. రహస్యం. మీలో మీరే ఉంచుకోండి."

ఆవిడ అలాగే ఉంచుకున్నారు. సాయంత్రం రైల్లో మా స్కూలు పిల్లలంతా నన్ను కొరమేను రేటు అడిగారు.

మర్నాడు నాన్నగారికి కౌన్సెలింగుకి రమ్మని కబురెళ్లింది. ఆయనకు తెలిసిన కౌన్సెలింగు ఇంజనీరింగు సీట్లిచ్చేది. "పదో తరగతిలోనే సీటిచ్చేస్తున్నారా?" అంటూ ఉతికిన పంచె కట్టుకుని, ద్వారకా తిరుమల ప్రసాదం పట్టుకుని వచ్చారు. సారు ఎక్కడో క్లాసులో ఉన్నారు. వరండాలో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఎంతసేపటికీ పిలుపు రాలేదు.

"ఏ కాలేజీరా?" అన్నారు నాన్నగారు.

ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను. ఆయన ప్రసాదం పొట్లం విప్పి, మళ్లీ కట్టేశారు. ఇక నా చదువు సంచీ మోయడంతో ముగిసిందనుకున్నాను.

"చేపలు తెల్లారగట్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి కదా, ఎందుకంటావు?"

"నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుందండీ. ఊపిరాడక."

"ఓహో. మంత్రాలు వినడానికొస్తున్నాయనుకున్నాను ఇన్నాళ్లూ." ఆనక గొంతు తగ్గించి, "తినాలా?" అన్నారు.

"అక్కర్లేదండీ. పెంచడమే."

"అయితే చదువుకో. అమ్మకి నేను చెబుతాను. మీ నాయనమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో."

అప్పుడొచ్చారు శాంతం సారు. మమ్మల్ని బీరువా వెనక్కి తీసుకెళ్లి, నాన్నగార్ని చూసి, తన గృహప్రవేశానికి ముహూర్తం అడిగారు. ఆనక వంటగది ఏ మూలుండాలో అడిగారు. పీరియడ్ బెల్లు కొట్టాక నా భుజం తట్టి, "ఇప్పుడు మనసు తేలిక పడిందా?" అన్నారు. పడిందన్నాను. అబద్ధం కాదు కదా.

వార్షికోత్సవంలో ఆయన మైకు పట్టుకుని, చేపల దారి పట్టిన ఓ కుర్రాణ్ణి కౌన్సెలింగు ఎలా ఎం.పి.సి.లోకి మళ్లించిందో వివరించారు. ముందు వరసలో కూర్చున్న నాన్నగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ వేసవిలోనే నేను ఫిషరీస్ డిప్లొమాలో చేరాను.

ఇప్పుడు చెరువుల రైతులకు సలహాలిచ్చే ఉద్యోగం నాది. ఈ మధ్య ముదినేపల్లి దగ్గర ఓ పెద్దాయన గట్టు మీద నిలబడి "ఏవండీ..." అని ఏదో అనబోతే, మధ్యలోనే అందుకుని మేత గురించి, ఆక్సిజన్ గురించి, ఎండల గురించి తెలిసిందంతా చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"చాలా బాగా చెప్పారండీ. భోజనానికి రమ్మందామని పిలిచానండీ."

గట్టు పక్కనే ఉన్న ఆయన ఇంట్లో నా కోసం వడ్డించిన పప్పూ వంకాయ కూరా చల్లారిపోయి ఉన్నాయి. నాలో నేనే నవ్వుకుంటూ, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిన్నాను.