అంతయ్య చల్లిన పొలిమేర

కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన జాగ్రఫీలో మా నడిమిపల్లి లేదు. ఎల్.బి.నగర్ నుంచి సాగర్ రోడ్డున పోతే, వనస్థలిపురానికీ తుర్కయంజాల్‌కూ నడుమ నలిగిన ఊరు మాది. పూర్వం ఒక గుడ్డి దున్నపోతును వదిలి, అది నడిచిందే హద్దని పెద్దలు ఒప్పుకున్నారు. అందుకే మా పొలిమేర అంత వంకర. నమ్మకపోతే మానండి. అంతయ్య కోపాన్ని మాత్రం నమ్మాలి.

ఊరి నడుమ నాటిన బొడ్రాయికి పండుగ చేసేనాడు పొలి చల్లేది అతనే. పసుపన్నంలో వేపాకు కలిపి, గంప నెత్తిన పెట్టుకుని, డప్పులు వెంట రాగా, ఆగకుండా హద్దంతా చుట్టి వస్తాడు. చుట్టు తెగితే ఊరికి రక్ష లేదు. చుట్టు కలిశాక తెల్లారేదాకా ఎవరూ గీత దాటకూడదు.

ఎనభై అయిదులో ఆ హద్దుకు ఒక ఇంటి గోడ అడ్డం వచ్చింది. పటేల్ పాండురంగం హద్దుబాటను కూడా ప్లాట్లలో కలిపి అమ్మేశాడు. కొన్నది కోస్తా నుంచి వచ్చిన జోగారావు.

ఆగకూడదు గనుక అంతయ్య ఉన్నచోటే అడుగులు వేస్తూ అడిగాడు. “ఏంది పటేలా, ఊరిని అంచుకెల్లి కొరుక్కతింటున్నవా?”

“గోడ మీదికెల్లి రెండు ముద్దలు ఇసిరి పో అంతిగా. దేవత చూస్తదా ఏంది?”

“దేవత సంగతేమో. నేను చూస్తున్న.”

అంతలో జోగారావు భార్య హనుమాయమ్మ గేటు తీసింది. “ఇలా రండి బాబాయ్. వంటింటి తలుపు అటువైపుకే ఉంది.”

“ఇంట్లోంచి డప్పులేమిటే?” అన్నాడు జోగారావు.

“మనమూ ఈ ఊళ్లోనేగా ఉంటున్నాం. రక్ష మనకక్కర్లేదా?”

అంతయ్య వాళ్ల పొయ్యి పక్కన కూడా పిడికెడు చల్లి అవతలికి నడిచాడు. ముందు పాండురంగం మేడ వచ్చింది. హద్దు ఎప్పుడూ దాని వెనక నుంచే పోయేది. అంతయ్య ముందు నుంచి తిరిగాడు.

“ఒరేయ్, నా ఇల్లు ఇడిసిపెట్టినవ్.”

“హద్దు అమ్ముకున్నోని ఇల్లు ఊర్లెట్లుంటది పటేలా?”

అడ్డు చెబుదామని పాండురంగం వెనక్కి చూశాడు. డప్పులవాళ్లు ఆగలేదు. ఊరు ఊరంతా అంతయ్య వెనకే నడిచింది. పొద్దుగూకకముందే, మొదలుపెట్టిన చోటే చుట్టు కలిసింది. పాండురంగం ఊరి లోపల, అతని మేడ బయట.

మేడ మీంచి భార్య భారతమ్మ కేకేసింది. “అన్నం సల్లారిపోతున్నది, రావయ్యా.”

పెద్దమనిషి గీత దాకా పోయాడు. ఆడవాళ్లంతా అతని కాళ్లకేసే చూస్తున్నారు. వెనక్కి వచ్చి, జోగారావు అరుగు మీద కూర్చుని, హనుమాయమ్మ పెట్టిన ఆవకాయన్నం తలెత్తకుండా తిన్నాడు.

అంతయ్య కోపం చల్లారలేదు. ఖాళీ గంప బోర్లించి, దాని మీద కూర్చుని, పటేల్ కాళ్లకు కాపలా కాశాడు.