ఎడమ చేతులు

టీచరు కావాలనుకునే పేదింటి పిల్లలకు మా యూనివర్సిటీ ఇచ్చే స్కాలర్‌షిప్ మీదే నా బి.ఎడ్. నడిచింది. అది ఆగకూడదంటే సర్కారు బడిలో ఒక పాఠం చెప్పి, పర్యవేక్షకుడి చేత బాగుందనిపించుకోవాలి. అది ఆగితే నా చదువూ ఆగినట్టే. కాటన్‌పేటలో మూటలు మోసే మా నాన్న ఆ స్కాలర్‌షిప్ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు, వాళ్లు అడక్కపోయినా.

నాకు నెల రోజుల ప్రాక్టీసుకు వైట్‌ఫీల్డ్ దగ్గర కన్నడ బడి పడింది. ఐటీ భవనాలు లేస్తున్న రోజులు. ఆ కట్టడాల పనికి కదిరి వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలే తరగతిలో ఎక్కువ. వాళ్ల క్లాస్ టీచరు పెద్దావిడ, మా తెలుగావిడే. ముందురోజు నా కంగారు చూసి, "భయమెందుకమ్మా, నేనుండాను కదా" అంది.

మరునాడు పర్యవేక్షకుడు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను వేళ్లతో సహా పీకి తెచ్చిన ఒక మొక్కను చూపిస్తూ పాఠం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్నకే తరగతంతా చేతులెత్తింది. ఏనుగెక్కినంత సంబరపడ్డాను. ఆ ఊపులో ఆఖరి బెంచీలో అందరికన్నా పైకి చెయ్యెత్తిన పిల్లను లేపాను.

పిల్ల చెయ్యి దించకుండానే లేచి, గోడ పక్కన నిలబడ్డ క్లాస్ టీచరు వైపు చూసింది. నేను ఊరుకుంటేనా? "తెలుసు కదా, చెప్పు" అని నవ్వుతూ మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి ఆ పిల్ల కన్నడం వదిలేసి తెలుగులో అంది:

"నేనెత్తింది ఎడమ చెయ్యి కదక్కా. తెలిసినోళ్లు కుడిది, తెలీనోళ్లు ఎడమది ఎత్తమనిరి. ఎడమదెత్తితే మీరు అడగరని చెప్పినారు."

అప్పుడు చూశాను. సగం ఎడమ చేతులే. తనిఖీ వచ్చినప్పుడల్లా ఆ బడిలో అదే పద్ధతట. నా మేలు కోరి క్లాస్ టీచరు ఆ ఏర్పాటు చేసి, నాకు చెప్పడం మాత్రం మరిచిపోయింది. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆ పిల్ల మాత్రం ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నిలబడి ఏడ్చింది.

స్కాలర్‌షిప్ పోయిందనుకున్నాను. బయటికొచ్చాక పర్యవేక్షకుడు నవ్వాడు. ఆయనకూ తెలుగు వచ్చు.

"మా కాలంలోనూ ఇంతేనమ్మా. అయినా వెనక బెంచీ పిల్లను వదలకుండా అడిగినావు చూడు, అదీ టీచరు లక్షణం. నీ స్కాలర్‌షిప్‌కేం భయం లేదు."

"దానికి తెలుసనుకునే లేపాను సార్" అన్నాను.

"నిజాయితీ కూడా ఉండాది" అని ఇంకా మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం నాన్న వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. నా ముక్క పళ్లెంలోనే వదిలేశాను.

మరునాడు తరగతికెళ్లి, "తెలిసినా తెలియకపోయినా ఏ చెయ్యైనా ఎత్తండి, ఎవరూ నవ్వరు" అన్నాను. ఒక్కొక్కటే చేతులు లేచాయి. ఆఖరి బెంచీలో ఆ పిల్ల రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నేను ఆ బడిలో ఉన్నన్నాళ్లూ అలాగే కూర్చుంది.