ఎవ్లాలి అత్త గిన్నె మూత

కెనడా తూర్పు తీరాన ఉన్న మా కారాకె ఊళ్ళో ఆ రోజుల్లో ఓడెట్ లాంటేన్ పాట లేని పెళ్ళి లేదు. పగలంతా ఫ్యాక్టరీలో హెర్రింగ్ చేపల పొట్టలు కోసేది. శనివారం వస్తే చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని మైకు పట్టేది. ఆమె మొదటి చిన్న రికార్డు స్థానిక రేడియోలో వస్తే, ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కత్తులు ఆపి మరీ వినేవారు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు.

ఎనభై అయిదు వేసవిలో మాంట్రియల్ నుంచి గ్రెనోన్ అనే రేడియో పెద్దమనిషి దిగాడు. ఆగస్టు పదిహేను సాయంత్రం ఆరింటికి ఓడెట్ రేవు దగ్గర పాడాలి, ఆ పాట దేశమంతటా ఫ్రెంచి ఇళ్ళలో అప్పటికప్పుడే వినబడాలి. కుదిరితే పెద్ద రికార్డుకు ఒప్పందం. కుదరకపోతే మళ్ళీ హెర్రింగులే. ఈ తీరాన తరతరాలుగా ఉన్న ఫ్రెంచివాళ్ళం, మన అకాడియన్ల పండగనాడు సరిగ్గా ఆరింటికే పెట్టాడంటే ఎంత తెలివైనవాడో అని ఊరంతా మెచ్చుకుంది. ఆ రోజు ఆరు కాగానే ఊరు ఊరంతా వీధిలోకొచ్చి, మేమింకా ఇక్కడే ఉన్నామని చాటుతూ గిన్నెలూ బకెట్లూ వాయిస్తుందని ఆయనకు తెలియదేమోనన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. మాకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకోవడం మావాళ్ళ జబ్బు.

ఆరు కొట్టింది. గ్రెనోన్ చెయ్యి ఊపాడు. ఓడెట్ తన నెమ్మది పాట అందుకుందో లేదో, చర్చి గంటలు, పడవల హారన్లు, వేల గిన్నెలు ఒక్కసారిగా మోగాయి. వీళ్ళని ఆపండి, లేదా ప్రసారం ఆపేస్తానని గ్రెనోన్ నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆపడం ఎవరి తరం?

ఓడెట్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో ముందు వరసలో ఎవ్లాలి అత్త కనబడింది. చిన్నప్పుడు ఆమెకు పాట నేర్పింది ఆవిడే. కోడి పులుసు గిన్నె మూతను చెక్క గరిటెతో దంచేస్తోంది.

"ఏమే, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం? కిందికి దిగి పాడు."

దిగింది. మైకు తీగ అందినంత దూరం జనంలోకి పోయి, అదే పాటను అత్త దరువుకు రెట్టింపు వేగంతో ఎత్తుకుంది. ముందు పక్కవాళ్ళు, తర్వాత వాళ్ళ పక్కవాళ్ళు ఆ దరువు పట్టుకున్నారు. చూస్తుండగానే వీధంతా ఒకే తాళంలోకి వచ్చింది. ఓడెట్ ఒళ్ళు పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక అంత ఆనందంగా ఎప్పుడూ పాడలేదు. గ్రెనోన్ కూడా అరుపులు మాని జేబులోంచి తాళాలగుత్తి తీసి ఆడించసాగాడు.

ఆ పాట మళ్ళీ వెయ్యమని మర్నాటి నుంచి రేడియోవాళ్ళ ఫోన్లకు తెరిపి లేదు. గ్రెనోన్ ఓడెట్‌ను మాంట్రియల్‌కు పిలిపించి ఒప్పందం ముందు పెట్టాడు. స్టూడియోలో పేరున్న డ్రమ్మరు ఉన్నాడట, ఆ గిన్నెల గోల లేకుండా శుభ్రంగా తీద్దామట. ఓడెట్ కలం బల్లమీద పెట్టేసింది. అత్త వాయించకపోతే సంతకం లేదంది. చేతికందిన అదృష్టం పోతుందేమోనన్న భయం ఉన్నా కలం మళ్ళీ ముట్టలేదు. గ్రెనోన్ చివరికి ఫోన్ ఆమెవైపు జరిపాడు.

"అత్తా, బస్సెక్కు. మూత తీసుకురా."

"మూత అక్కడికి తెస్తే ఆదివారం పులుసు మీద ఏం పెట్టను, నీ మొహమా?"

అయినా తెచ్చింది. రికార్డు అట్ట మీద ఓడెట్ పేరు కింద 'గిన్నె మూత: ఎవ్లాలి లాంటేన్' అని అచ్చయింది. సొట్టలు పడ్డ ఆ మూత ఇప్పుడు గిన్నెకు సరిగ్గా పట్టదు. పులుసు ఉడకడానికి గంట ఎక్కువ పడుతుంది. కొత్తది కొనిస్తానని ఓడెట్ ఎన్నిసార్లన్నా అత్త ఒప్పుకోలేదు.