ఈనె మీద రెండు గాట్లు

డెబ్బైల చివర్లో కొత్తపేటలో మాకు పటాలు కట్టే కొట్టు ఉండేది. బస్సులు ఆగే చోటికి నాలుగు అంగల దూరం. మా ఆయన పటం చుట్టూ వేసే చెక్క బీడింగు కోసి, మూలలు కలిపి, మేకులు కొట్టేవారు. అద్దం కోయడం, కొలతలు తీయడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం నా పని. ఆయనకి మాట్లాడటం రాదు, నాకు ఊరుకోవడం రాదు. అందుకని పని పంచుకోవడంలో మాకెప్పుడూ తగువు రాలేదు.

కొట్లో టేపు ఉండేది, అడుగుబద్ద ఉండేది. అయినా మావైపు వాళ్లు పరాయి టేపుని ఒక పట్టాన నమ్మరు. ఎవరి కొలత వాళ్లు ఇంటి దగ్గరే తీసుకుని వచ్చేవారు. ఒకాయన కట్టుకున్న పంచె అంచుకే ముడులు వేసుకొచ్చి, కొలత చూపిస్తానని కొట్లో నిలబడి పంచె విప్పబోయేసరికి నేను అద్దాల వెనక్కి పారిపోయాను. ఇంకొకావిడ వాళ్ల అత్తగారి జానతో మూడు జానలు కావాలంది. అయితే ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి అన్నాను. పైటకొంగులోంచి ఫొటో తీసి చూపించింది. ఆ అత్తగారు పోయి ఏడాదయిందట, పటం కట్టాల్సింది ఆవిడకేనట.

అందరిలోకీ నాకిష్టమైన మనిషి మాత్రం రెండు చేతులూ ఎడంగా చాపుకుని బస్సు దిగినాయన. వాళ్ల గోడ మీద ఖాళీ సరిగ్గా అంత వెడల్పుట. చేతులు కదిలితే కొలత చెడుతుందని బస్సులో టిక్కెట్టు డబ్బులు కూడా పక్కాయన చేత తన జేబులోంచి తీయించారట. అంత జాగ్రత్తగా వచ్చి మా మెట్టెక్కేసరికి గుమ్మంలో మా మావగారు ఎదురయ్యారు. పెద్దాయన కనబడితే దండం పెట్టకుండా పోయే మనుషులు మా సీమలో ఎక్కడున్నారు? ఆయన రెండు చేతులూ జోడించి, నమస్కారమండీ అని, ఆ తర్వాత చేతులకేసి చూసుకున్నారు.

"కొలత పోయిందండి" అన్నారు మెల్లిగా.

మళ్లీ బస్సెక్కి ఇంటికెళ్లి, సాయంత్రానికి మళ్లీ చేతులు చాపుకుని దిగారు. ఈసారి ముందుగానే మా మావగారిని పెరట్లోకి పంపేశాను. నవ్వలేక నాకు కడుపు నొప్పి వచ్చింది.

ఇలాంటివాళ్లతో వాదించడం నా వల్ల కాక నేనొక పద్ధతి కనిపెట్టాను. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనడం, లోపల ఫొటోకి ఎంత కావాలో అంతకే కోయించడం. పటం చేతిలో పెట్టేటప్పుడు, సరిగ్గా మీ కొలతకే చేశామండి అనడం. పొంగిపోతూ పట్టుకెళ్లేవారు. ఒక్కరైనా ఇంటికెళ్లి కొలిచి చూసుకున్న పాపాన పోలేదు. మా ఆయనకిది నచ్చేది కాదు, మొహం అటు తిప్పుకునేవారు. నాకు మాత్రం భలే సరదాగా ఉండేది. ఊరందరినీ ఒక్క ఆయ్‌తో బుట్టలో వేస్తున్నానని నా మిడిసిపాటు.

ఆ మిడిసిపాటులో ఉండగానే ఒక ఆదివారం, ఏటి మధ్య లంకలోంచి రేవు దాటి ఒకావిడ వచ్చింది. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, తెల్లచీర మడత నలగలేదు. కూలిపనికి వెళ్లే మనిషి, చేతులు చూస్తే తెలుస్తూనే ఉంది. బైబిలు మధ్యలోంచి పెద్దకూతురి పదో తరగతి సర్టిఫికెట్టు తీసింది. వాళ్లింట్లో పది పాసైన మొదటి మనిషి ఆ పిల్లేనట. దాంతోపాటు చీపురులోంచి లాగిన కొబ్బరి ఈనె ఒకటి ఇచ్చింది. దాని మీద కొడవలితో పెట్టిన గాట్లు రెండున్నాయి, ఒకటి నడిమధ్య, ఒకటి కొసన. పటం పొడుగు కొస గాటు దాకా రావాలంది. ఎందుకో చెప్పబోయింది కూడా. అప్పటికి నా ముందు నలుగురున్నారు. ఆయ్, అలాగేనండి అనేశాను.

సర్టిఫికెట్టు కొలిస్తే సరిగ్గా మధ్య గాటు దాకా వచ్చింది. పాపం, కొలవడం రాక రెండుసార్లు గాటు పెట్టుకుంది కాబోలనుకున్నాను. సర్టిఫికెట్టుకి సరిపడా కోయించాను. నా ప్రతాపానికి నేనే మురిసిపోయాను.

పై ఆదివారం ఆవిడ వచ్చి, నేను నా పాఠం మొదలుపెట్టేలోపే పటాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఆ ఈనె పక్కన పెట్టింది. సగం ఈనె పటం దాటి బయటికి వచ్చేసింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"మా చిన్నదాన్ని కోసేసేరండి" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పై సగం పెద్దపిల్లకి, కింది సగం చిన్నపిల్లకి. చిన్నది పదిలోకి వచ్చింది, చదువు మీద మనసు లేదు, తల్లితో పాటు కూలిపనికి వచ్చేస్తానంటోంది. రోజూ ఆ ఖాళీ కళ్లబడుతుంటే దానికి పౌరుషం వస్తుందని ఆవిడ ఆశ. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇన్నాళ్లూ ఎంతమంది కొలతల్ని ఇలా వినకుండా కోసేశానో అని మొదటిసారి సిగ్గేసింది. మా ఆయన ఈనె తీసుకుని లోపలికి వెళ్లి కొత్త బీడింగు కోయడం మొదలుపెట్టారు. కింది సగంలో తెల్లకాగితం పెట్టి ఇచ్చాం.

మరుసటేడు నాట్ల రోజుల్లో, పొద్దున్నే, ఆ పటాన్ని దుప్పట్లో చుట్టుకుని చిన్నపిల్ల ఒక్కతే వచ్చింది. మార్చిలో లెక్కలు తప్పిందట. సెప్టెంబర్లో మళ్లీ రాయాలి. వాళ్లమ్మ నాట్లకి వెళ్లిందట, ఆవిడ ఇంటికొచ్చేలోపు ఈ ఖాళీ సగం కోసేసి ఇచ్చేయమంది. ఇంటికి ఎవరొచ్చినా ఇదేంటని అడుగుతారట. అది మా చిన్నదాని చోటండి అని వాళ్లమ్మ అందరికీ చెబుతుందట. పోస్టుమేనుకి చెప్పింది, పాస్టరుగారికి చెప్పింది, మేకని బేరం చేయడానికి వచ్చినాయన్ని కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆయన పోతూ పోతూ బాగా చదువుకో అమ్మా అని దీవించి పోయాడట. చెబుతూ ఆ పిల్ల ఏడుస్తోంది, నాకేమో నవ్వొస్తోంది. పళ్లు బిగించి ఆపుకున్నాను.

అది మీ అమ్మగారి కొలత, ఒకసారి కోసి బుద్ధి తెచ్చుకున్నాను, ఇంక కోయనని చెప్పాను.

"మరి నా కొలత అక్కర్లేదాండి?" అంది.

ఆయ్ అనడానికి కూడా నోరు రాలేదు. పటాన్ని మళ్లీ దుప్పట్లో చుట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ రేవుకేసి వెళ్లిపోయింది. సెప్టెంబరు దాకా నాకే పరీక్ష ఉన్నట్టు అన్నం సహించలేదు. తప్పితే ఆ పిల్ల ఆ ఖాళీ ముందు ఎలా బతుకుతుంది? నేను చేసింది మంచో చెడో తేల్చుకోలేకపోయాను. లెక్కలు ఎవరు కనిపెట్టారండీ అని మా ఆయన్ని అడిగితే, నువ్వు కాదు కదా, ఊరుకో అన్నారు.

పాసయింది. సర్టిఫికెట్టు చేతికొచ్చాక తల్లీకూతుళ్లిద్దరూ కలిసి వచ్చారు. నేను గంతులేయడం ఒక్కటే తక్కువ. సందులో ఉన్న మిఠాయి కొట్టు నుంచి పూతరేకులు తెప్పించాను. మా ఆయన పటాన్ని బోర్లా తిప్పి చూసి, మేకులు వంకరగా ఉన్నాయి, ఎవరో విప్పేరండి అన్నారు. పిల్ల మొహం ఎర్రబడింది. వెనక అట్ట తీస్తే, తెల్లకాగితం వెనకవైపు పెన్సిలుతో ఒక వరుస రాసుంది.

తల్లికి చదువు రాదు. ఏం రాసుందండీ అని నన్నడిగింది. నేను కాగితం చూశాను. ఏదో ఒక అబద్ధం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఇంతలో పిల్లే చెప్పేసింది.

"నేనిక్కడ పట్టనూ అని రాసేనమ్మా. మార్చిలో తప్పినప్పుడు."

ఆవిడ కొత్త సర్టిఫికెట్టుని రెండు చేతులతో పట్టుకుని, తనే ఆ ఖాళీలో పెట్టింది. నాలుగు మూలలూ వేలితో నొక్కి చూసుకుంది.

"పట్టేవు కదే" అంది.